గుక్కెడు నీళ్ళు – నాలుగు శాస్త్రాలు

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో నల్గొండ జిల్లా మిత్రుడొకడు మా గదిలో ఉండేవాడు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనేవాడు. పళ్ళమీద గోధుమరంగు చారలు. "పళ్ళు తోముకోవేంరా?" అని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. వాడు ఏమీ అనేవాడు కాదు. చిగురులోపల పళ్ళు తయారవుతున్న పసితనంలో తాగిన బావినీళ్ళే ఆ చారలు వేశాయని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. సిగ్గేసింది. ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

మన కళాశాలల్లో భౌతికశాస్త్రానికి ఒక భవనం, అర్థశాస్త్రానికి ఇంకొకటి, రాజనీతికి వేరొకటి. వైద్యానికైతే వేరే కళాశాలే ఉంది. ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధిని అర్థం చేసుకోవాలంటే మాత్రం నాలుగు గుమ్మాలూ తొక్కక తప్పదు.

1. వైద్యులు కనుగొన్నది

1937లో మద్రాసు రాజధానిలో, అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయి వంగలేని మనుషులను డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు పరీక్షించారు. తాగేనీటిలోని ఫ్లోరైడే కారణమని తేల్చారు. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగుల వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఇంకో విషయం బయటపెట్టారు. ఫ్లోరైడు పల్లెల్లోని కొందరు పిల్లల్లో మోకాళ్ళు ఒకదానికొకటి ఆనుకొని, పాదాలు ఎడంగా పోతున్నాయి. దీనికి ఫ్లోరైడుతోబాటు తిండిలో కాల్షియం లోపం కూడా తోడవుతుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతుంది. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రాము చాలంటుంది. వేరే నీళ్ళు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. "కాచి తాగితే పోతుందిలే" అనుకుంటే పొరపాటు. కాచినకొద్దీ నీరు ఆవిరై, మిగిలినదానిలో ఫ్లోరైడు పాలు పెరుగుతుంది.

2. భౌతిక, రసాయనశాస్త్రాలు చెప్పినది

ఫ్లోరైడు ఎముకలోకి ఎలా దూరుతుంది? మన ఎముక ఒక స్ఫటిక నిర్మాణం. అందులో హైడ్రాక్సిల్ అయాన్లు కూర్చునే గదులున్నాయి. ఫ్లోరైడు అయాను పరిమాణం ఇంచుమించు అంతే. అందుకే సులువుగా ఆ గదిలో జొరబడుతుంది. ఎముక చిక్కబడుతుంది గాని పెళుసవుతుంది. కీళ్ళ దగ్గర కండరాలు పట్టే చోట్ల సున్నం పేరుకుంటుంది.

ఇది నీటిలోకి వచ్చేది రాతినుంచి. నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైటు. రాతి పగుళ్ళలో నీరు ఎంతకాలం నిలవుంటే అంత ఫ్లోరైడు కరుగుతుంది. నీటిలో కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ కరుగుతుంది. బోరు లోతుకు పోయినకొద్దీ పాతనీరు తగిలే అవకాశం ఎక్కువ.

మరి నదినీళ్ళు? నాగార్జునసాగర్ ఆ జిల్లా అంచునే ఉంది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కాని కాలువ పల్లానికే పారుతుంది. ఫ్లోరైడు పల్లెలు చాలావరకు మెట్టమీద ఉన్నాయి. నీళ్ళు పైకి ఎత్తిపోయాలి. "అంత కరెంటు ఎక్కడిది?" అనేవాళ్ళు. ఇంటర్మీడియట్ లెక్క ఒకటి వేసి చూద్దాం. మనిషికి తాగడానికి, వంటకి రోజుకు 8 లీటర్లు. ఏడాదికి సుమారు 2,900 లీటర్లు. 200 మీటర్ల ఎత్తు ఎక్కించాలనుకుందాం. కావలసిన శక్తి సుమారు 57 లక్షల జౌళ్ళు, అంటే 1.6 యూనిట్లు. పంపులో, గొట్టంలో సగం వృథా అయిందనుకున్నా ఏడాది మొత్తానికి నాలుగు యూనిట్లు దాటవు! అడ్డుపడింది కరెంటు కాదని ఈ లెక్కే చెబుతోంది.

3. అర్థశాస్త్రం అడిగేది

1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థ ఒక చౌక పద్ధతి రూపొందించింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడగట్టడమే. దానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు. ఆఫ్రికాలో టాంజానియా దాకా పోయింది. ప్రయోగశాలలో అది సరిగ్గానే పనిచేసింది. అయితే పల్లెలో రోజూ పటిక కొనేదెవరు? పాళ్ళు చూసి కలిపేదెవరు? అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? కట్టడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది, నడపడానికి ప్రతిరోజూ కావాలి.

ఇంకో సంగతి. ఎండలో కూలిపని చేసేవాడు నీళ్ళెక్కువ తాగుతాడు, కనుక ఫ్లోరైడూ ఎక్కువే తాగుతాడు. పాలు, పెరుగు తక్కువ తింటాడు. ఒళ్ళే పెట్టుబడి అయినవాడికి ముందుగా ఒళ్ళు వంగనంటుంది. ఒకే బావి నీళ్ళు తాగినా నష్టం అందరికీ ఒకటిగా ఉండదు.

4. రాజకీయం నేర్పినది

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. అందులో చాలామంది గెలవాలని రాలేదు. మా నీళ్ళ సంగతి దేశం చూడాలని జలసాధన సమితి పిలుపుమీద నామినేషన్లు వేసినవారు. బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది.

ఆ ఏడాది దేశంలో మరికొన్ని చోట్లా ఇలాగే జరిగింది. ఫలితం? అదే సంవత్సరం లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయలనుంచి 10,000కు పెంచుతూ చట్టం మారింది. చట్టం నెలల్లో కదిలింది. నీళ్ళకి ఇంకా ఏళ్ళు పట్టింది. కృష్ణా నీటి పథకాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను అప్పటి నల్గొండ జిల్లా చౌటుప్పల్‌లోనే నిలిపారు. 2016లో పథకం మొదలైంది. డాక్టర్ సిద్దిఖీ వ్యాసం వచ్చిన ఏడాదినుంచి లెక్కపెడితే 61 ఏళ్ళు.

ముగింపు

వైద్యుడు కారణం చెప్పాడు, రసాయనశాస్త్రజ్ఞుడు మార్గం చెప్పాడు, అంకెలు అసాధ్యం కాదన్నాయి. నామినేషన్ కాగితం పట్టుకొని క్యూలో నిలబడ్డ రైతు ఆ విషయాన్ని అందరి కళ్ళకూ కట్టించాడు. వీళ్ళు నలుగురూ ఒకచోట కూర్చోవడానికి రెండు తరాలు పట్టింది. ఈలోగా వంగిపోయిన ఎముకను మంచినీళ్ళు మళ్ళీ నిటారు చేయలేవు. రాకుండా ఆపగలం గాని, వచ్చాక తిప్పలేం.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ బోరునీళ్ళు ఒక సీసాలో పట్టి తీసుకురండి. మన రసాయనశాస్త్ర విభాగంలో పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను అర్థశాస్త్రం చదివే పక్కగది మిత్రుడికి చూపించండి. ఆ తర్వాత పంచాయతీ ఆఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఎవరైనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వితే, ఎగతాళి చేయకముందు ఒక్కమాట అడగండి: "మీ ఊళ్ళో ఏ నీళ్ళు తాగుతారు?"