మీరు పుట్టిన తెలుగు సంవత్సరం పేరేంటి?

మొన్న ఆఫీసు లంచ్‌లో చైనా రాశుల గోల. నేను 1997 జనవరిలో పుట్టాను. 1997 అంటే ఎద్దు, కానీ నాది ఎలుకట. వాళ్ల కొత్త సంవత్సరం ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చింది, అందుకని.

మన లెక్కా అలాంటిదే. వాళ్లకి 12 జంతువులు, 5 తత్త్వాలు కలిపి 60 ఏళ్ల చక్రం. మనకి ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లు. మొన్నటి ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది. పుట్టిన ఏడాదిలోంచి 1987 తీసేసి ఒకటి కలపండి. 2002 అయితే 16, అంటే చిత్రభాను. పెద్దవాళ్లకైతే 1927 తీసేయాలి. ఉగాదికి ముందు పుట్టుంటే మాత్రం ఒక ఏడాది వెనక్కెళ్లి లెక్కపెట్టండి. అలా నాది ఈశ్వర కాదు, ధాత.

ఈ చివరి ముక్క దగ్గరే నేను బోల్తాపడ్డాను. నాన్నగారు పుట్టింది 1967 ఫిబ్రవరి. నేను రాసిన ప్రోగ్రామ్‌లో ఉగాది సంగతే లేదు. 41, ప్లవంగ అని చూపించింది. నానమ్మ ఒప్పుకోలేదు.

"పరాభవరా! విశాఖ ఉక్కు గొడవలప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. మాఘమాసంలో పుట్టాడు."

ఉక్కు ఉద్యమం 1966లో. నానమ్మే కరెక్ట్. (పరాభవ అన్న పేరు చూసి కంగారుపడకండి, ఆ ఏడాది పోరాడితేనే మనకి ఫ్యాక్టరీ వచ్చింది.)

ఆ పేరున్న సంవత్సరం 60 ఏళ్లకి తిరిగొస్తే షష్టిపూర్తి. పరాభవ 2026 ఉగాదికి వచ్చింది, అందులో మాఘం 2027 ఫిబ్రవరిలో పడుతుంది. నా ప్రోగ్రామ్‌ని నమ్ముకుంటే 2028 దాకా ఆగేవాళ్లం. ముందు సింహాద్రి అప్పన్న దర్శనం, తర్వాత ఇంట్లో హోమం అని నానమ్మ అప్పుడే లిస్టు మొదలుపెట్టేసింది.