వీధి పిల్లికూన: పెంపకం, ఆకస్మిక వ్యాధి గుర్తింపు

బేరిగైలోను, బాగలూరులోను, హోసూరు పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న అద్దె వరుసలలోను కాపురముండే మన కుటుంబాలకు పిల్లికూన వెతకకుండానే దొరుకుతుంది. టమాటా పెట్టెలు పేర్చిన కొట్టు వెనుకనో, సగం కట్టి వదిలిన మేడమెట్ల కిందనో, ఆగి ఉన్న లారీ చక్రం పక్కనో దాని అరుపు వినిపిస్తుంది. పిల్లలు దానిని అరచేతిలో పెట్టుకొని ఇంటికి తెస్తారు. తల్లి వద్దని కసురుతుంది. సాయంత్రానికి ఆ తల్లే చిన్న గిన్నెలో ఆవుపాలు పోసి పెడుతుంది. మొదటి పొరపాటు సాధారణంగా అక్కడే జరుగుతుంది.

అంతకు ముందు జరిగే పొరపాటు మరొకటి ఉన్నది. తల్లిపిల్లి ఆహారం కోసం వెళ్లి గంటల తరబడి రాకపోవడం సహజం. కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని చోటు మార్చడమూ సహజమే. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు అన్నది చూసి అన్న మాట. కనుక కూన శుభ్రంగా, వెచ్చగా, నిద్రపోతూ ఉంటే దూరం నుండి కొన్ని గంటలు గమనించాలి. ఒళ్లు చల్లబడి, మురికిపట్టి, ఆగకుండా అరుస్తూ ఉంటేనే చేతిలోకి తీసుకోవాలి. కుక్కలు తిరిగే చోటైతే మాత్రం ఎదురుచూడడం తగదు.

కూన వయస్సు తెలుసుకోవడం కష్టం కాదు. పుట్టిన ఏడు నుండి పధ్నాలుగు రోజుల లోపల కళ్లు తెరుచుకుంటాయి. మూడు, నాలుగు వారాలకు ముందరి చిన్న పళ్లు కనిపిస్తాయి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన ఆరోగ్యంగా ఉంటే రోజుకు 10 నుండి 15 గ్రాములు పెరుగుతుంది. నెల నిండేసరికి 400 గ్రాములు దాటుతుంది. వీధి చివర కిరాణా కొట్టులోని తక్కెడ దీనికి చాలు. ప్రతిదినం ఒకే వేళకు తూచి గోడ క్యాలెండరులో ఆ తేదీ కింద అంకె వేసుకోవాలి. బరువు పెరగకపోవడం మొదటి హెచ్చరిక. తగ్గితే ఆ రోజే పశువైద్యునికి చూపించాలి. పైకి ఏ లక్షణమూ కనబడక ముందే ఈ అంకె మాట్లాడుతుంది.

మొదటి మూడు వారాలలో కూన తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చిత్తూరు, నెల్లూరు వైపు నుండి వచ్చినవారికి ఇక్కడి మార్గశిర, పుష్య మాసపు రాత్రుల చలి కొత్త. కూనకు ఆ చలి ప్రాణాంతకం. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టాలి. వేడి ఎక్కువైతే కూన పక్కకు జరగడానికి చోటు మిగల్చాలి. ఒళ్లు చల్లబడిన కూనకు ఏ పాలూ పట్టరాదు. దాని జీర్ణకోశం అప్పుడు పనిచేయదు, మింగే శక్తి కూడా సరిగా ఉండదు కనుక పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. ముందు మెల్లగా వెచ్చబరచాలి, పాలు ఆ తరువాత.

ఆవుపాలలో పాలచక్కెర కూన తట్టుకోగలిగిన దానికంటె ఎక్కువ, పిల్లిపాలలో ఉండేటంత మాంసకృత్తులూ కొవ్వూ ఉండవు. అందువల్ల విరేచనాలు పట్టుకుంటాయి. నూరు, రెండు వందల గ్రాముల ప్రాణికి ఒక్క పూట విరేచనాలే పెద్ద గండం. పెంపుడు జంతువుల దుకాణాలలో కూనల కొరకు ప్రత్యేకంగా చేసిన పాలపొడి దొరుకుతుంది. రెండు వారాల లోపు కూనకు రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా, పట్టాలి. చంటిబిడ్డను పడుకోబెట్టినట్లు వెల్లకిలా పడుకోబెట్టి పట్టరాదు. బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తి పట్టాలి. పాలు పట్టిన తరువాత గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో వెనుక భాగాన్ని మృదువుగా తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. తల్లిపిల్లి నాలుకతో చేసే పని అది. నాలుగు వారాలు దాటిన కూనకు ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించిన కోడిమాంసం మెత్తగా చేసి పెట్టవచ్చు. ఇక్కడ శాకాహారుల ఇళ్లవారికి ఒక మాట చెప్పక తప్పదు. పెరుగన్నంతో పిల్లి బ్రతకదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం అందకపోతే కాలక్రమాన దాని చూపు, గుండె దెబ్బతింటాయి. మాంసం వండని ఇంట పిల్లి పెరగాలంటే దుకాణంలో దొరికే తయారు ఆహారం కొనక తప్పదు.

ఇక ఈ పాఠంలోని ముఖ్య విషయం. దీనిని మా వరుస ఇళ్లలో జరిగినదానితోనే చెప్పవలసి ఉన్నది.

మా ఇంట సుమారు పది వారాల కూన ఒకటి ఉండేది. ఒక రాత్రి బాగా తిని పడుకున్నది. తెల్లవారేసరికి నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసి కూర్చున్నది. నీరు తాగడం లేదు, గిన్నెను వదలడం లేదు. పసుపుపచ్చని నురగ రెండు మూడు సార్లు కక్కింది. వేడి చేసిందనుకున్నాము. సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది, అర్ధరాత్రి కాకముందే చనిపోయింది. అంతకు రెండు రోజుల ముందు చివరి ఇంటి తమిళ ఆవిడ, కూన తన మిరపకాయల చాప మీద మలవిసర్జన చేసిందని కోప్పడి ఉన్నది. ఆమె ఇంట ఎలుకల మందు ఉన్నదని అందరికీ తెలుసు. మందు పెట్టి చంపిందన్న మాట ఒక్క గంటలో వరుసంతా పాకింది. మాకు ఆమె భాష సగమే అర్థమవుతుంది, ఆమెకు మా భాష అసలే రాదు. వాకిట కుళాయి దగ్గర మేముంటే ఆమె నీళ్లకు రావడం మానుకున్నది.

మూడు వారాల తరువాత పిల్లలు మరొక కూనను తెచ్చారు. అదే అట్టపెట్టె, అదే పాత తువ్వాలు. ఎనిమిదవ రోజున అదే విధంగా నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసింది. ఈసారి ఆలస్యం చేయకుండా హోసూరు తీసుకువెళ్లాము. వైద్యుడు మలం పరీక్షించి, "ఇంతకు ముందు మీ ఇంట కూన ఏదైనా చనిపోయిందా?" అని అడిగారు. పెట్టె సంగతి చెప్పాము. "ఇది విషం కాదు, పార్వో. ఆ పెట్టెలోనే ఉన్నది" అన్నారు. ఐదు రోజులు సెలైను, వాంతులు ఆపే సూది, ఇతర క్రిములు సోకకుండా మందులు ఇచ్చారు. అది బ్రతికింది. ఆ సాయంత్రమే చివరి ఇంటి తలుపు తట్టి, వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో క్షమించమని అడిగాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, కూనకు జ్వరం తగ్గిందా అని అడిగింది.

ఈ వ్యాధికి వైద్యశాస్త్రంలో ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా అని పేరు. రక్తంలోని తెల్లకణాలన్నీ తగ్గిపోవడమని దాని అర్థం. దీనిని కలిగించేది పార్వో జాతి వైరసు. 1978లో కుక్కలలో బయటపడి దేశదేశాలకు వ్యాపించిన పార్వో దీనికి దగ్గరి చుట్టం. ఈ వైరసు వేగంగా విభజన చెందే కణాలను వెతుక్కుంటుంది. అటువంటివి పేగు లోపలి పొరలోను, ఎముక మూలుగలోను ఉంటాయి. పేగు పొర రాలిపోతే వాంతులు, విరేచనాలు, నీరు ఆరిపోవడం కలుగుతాయి. మూలుగ దెబ్బతింటే క్రిములతో పోరాడే కణాలే ఉండవు. వైరసు సోకిన రెండు నుండి పది రోజులలో లక్షణాలు కనబడతాయి. తీవ్ర రూపంలో వచ్చినప్పుడు ముందు రోజు ఆడుకున్న కూన పన్నెండు గంటలలోనే చనిపోవచ్చు. విషప్రయోగమని జనం పొరబడేది ఇందువల్లనే. వైద్యం లేకపోతే కూనలలో పదింట తొమ్మిది వరకు చనిపోతాయి. వైద్యంతో మొదటి ఐదు రోజులు గడిస్తే చాలా కూనలు కోలుకుంటాయి. మనుషులకు ఇది సోకదు. అయితే మన చెప్పులకు, చేతులకు, బట్టలకు అంటుకొని ఇంటింటికీ తిరుగుతుంది.

ఈ వైరసు గదిలో ఒక సంవత్సరం వరకు కూడా బ్రతికి ఉండగలదు. ఫినాయిలు, డెట్టాలు వంటివి దీనిని చంపవు సరిగదా, వాటిలోని ఫినాలు జాతి పదార్థాలు పిల్లికే విషం. కనుక వాటితో కడిగి, ఇల్లు శుభ్రమైనదనుకోవడం రెండు విధాల నష్టం. చనిపోయిన కూన వాడిన అట్టపెట్టెను, గుడ్డలను కాల్చివేయాలి. నేలను ముందు సబ్బుతో మురికి పోయేటట్లు కడిగి, ఆ తరువాత ద్రవరూపంలో దొరికే బ్లీచు ఒక పాలు, నీరు ముప్పై పాళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. మరుగుదొడ్డి యాసిడ్‌ను బ్లీచుతో కలపరాదు, విషవాయువు పుడుతుంది. ఆ ఇంటికి తరువాత వచ్చే కూన టీకా పూర్తయినదై ఉండాలి. ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేవరకు టీకా వేయించాలి. మూడవ నెలలో రేబిస్ టీకా.

నిజమైన విషప్రయోగాలూ లేకపోలేదు. అయితే వాటిలో చాలావరకు ఎవరూ కావాలని పెట్టినవి కావు. గులాబీ తోటలలో, టమాటా పొలాలలో వాడే పురుగుమందు కాళ్లకు అంటితే పిల్లి నాకి శుభ్రం చేసుకుంటుంది. చొంగ కారడం, ఒళ్లు వణకడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం దాని గుర్తులు. కుక్కల గోమార్లకు అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే మూర్ఛలు వస్తాయి. అన్నిటికంటె విషాదకరమైనది ప్రేమతో పెట్టే విషం. జ్వరమని పారాసెటమాల్ బిళ్ల అరిగించి పోస్తారు. దానిని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క బిళ్ల ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరగడం, ముఖం, పాదాలు వాయడం కనబడతాయి. పూలగుత్తులలో వచ్చే లిల్లీలోని ఏ భాగమైనా పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తుంది. విషం తిన్నదని అనుమానమైతే ఉప్పునీరు, నూనె, పాలు పోసి కక్కించే ప్రయత్నం చేయరాదు. మందు పొట్లం గాని డబ్బా గాని వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లాలి. వైరసో విషమో తేల్చడం మన పని కాదు.

గంటలలో కాదు, నిమిషాలలో బయలుదేరవలసిన సందర్భాలు ఇవి. కుక్కలా నోరు తెరిచి రొప్పడం పిల్లికి ఎన్నడూ మామూలు కాదు. ప్రశాంతంగా నిద్రించేటప్పుడు నిమిషానికి నలభై సార్లకు మించి ఊపిరి ఆడుతూనే ఉంటే చూపించాలి. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపల మళ్లీ రంగు రావాలి. తెల్లగా పాలిపోతే రక్తం తక్కువైనది. కూనల రక్తాన్ని ఈగులే ఆ స్థితికి తాగివేయగలవు. నీలంగా మారితే గాలి అందడం లేదు. ఒళ్లు చల్లబడి, పట్టుకుంటే గుడ్డపేలికలా జారిపోయే కూన చిగుళ్లకు గ్లూకోజు కలిపిన గోరువెచ్చని నీటిని వేలితో రాయాలి, గొంతులో పోయరాదు. వెచ్చని సీసాతో, రంధ్రాలు పెట్టిన పెట్టెలో ఉంచి తీసుకువెళ్లాలి.

ఎక్కడికి? తమిళనాడులో ప్రభుత్వ పశువైద్యశాల బోర్డు మీద "కాల్‌నడై" అన్న మాట ఉంటుంది. కాళ్లతో నడిచే పశుసంపద అని దాని అర్థం. బోర్డు చదవలేక దాని ముందు నుండే వెళ్లిపోయే మనవారు ఎందరో. సంచార పశువైద్య వాహనం కొరకు 1962 సంఖ్యకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. అది ముఖ్యంగా పాడిపశువుల కొరకు ఏర్పడినది కనుక పిల్లి విషయంలో ఎక్కడికి తీసుకువెళ్లాలో అడిగి తెలుసుకోవడం మేలు. అక్కడ చెప్పవలసిన మాటలు ఇవి: పిల్లికూన "పూనక్కుట్టి", వాంతి చేసుకుంటున్నది "వాంది ఎడుక్కుదు", విరేచనాలు "వయిత్తాల పోగుదు", తినడం లేదు "సాప్పిడల", రొప్పుతున్నది "మూచ్చు వాంగుదు", ఎలుకల మందు "ఎలి మరుందు". ఎల్ల దాటి మాలూరు వైపు వెళ్లేవారికి కన్నడంలో "బెక్కిన మరి", "వాంతి మాడ్తిదె", "ఊట మాడ్తిల్ల" అంటే చాలు. ఎన్నడు మొదలైనది, ఏమి తిన్నది, బరువు ఎంత, ఇంట మరేదైనా చనిపోయిందా అన్న నాలుగు సంగతులు ముందుగా చెబితే వైద్యునికి సగం పని తగ్గుతుంది.

చివరిగా పిల్లల సంగతి. పిచ్చికుక్క కాటు అని మనమూ, "వెఱినాయ్‌క్కడి" అని తమిళులూ అంటాము. పేరులో కుక్క ఒక్కటే ఉన్నందున పిల్లి కరిస్తే భయం లేదనుకుంటారు. రేబిస్ పిల్లికీ వస్తుంది. దాని కాటు, గీరు మనిషికి వ్యాధిని అంటించగలవు, లక్షణాలు మొదలైతే బ్రతకడం దాదాపు అసాధ్యం. కూన కరిచినా, రక్తం వచ్చేటట్లు గీరినా ఆ గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టరాదు, కట్టు కట్టరాదు. పిల్లి ఆరోగ్యంగా కనిపిస్తున్నదని ఆగకుండా ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజులలో వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ అనే మరొక మందు కూడా అవసరం, అది అడిగి తెలుసుకోవాలి. 28వ రోజు సూదిని వదిలిపెట్టేవారు మనలో ఎక్కువ, ఆ నడుమ పండుగకో పెళ్లికో సొంత ఊరు వెళ్లవలసి వస్తుంది. ఆసుపత్రి ఇచ్చిన చీటీ వెంట తీసుకువెళితే కుప్పంలోనైనా, మదనపల్లెలోనైనా ప్రభుత్వ ఆసుపత్రిలో మిగిలిన సూదులు వేయించుకోవచ్చు.