చివరి గుండీ ఆయనదే
మతిమరుపు జబ్బున్న పెద్దలకు బట్టలు వేసుకోవడంలో సాయం



మూడేళ్ల కిందటి రంజాన్ పండుగ ఉదయం. ఈద్గాకు పోయే వేళ అవుతోంది. ప్రొద్దుటూరులో కుట్టించిన కొత్త కుర్తా, పైజామా మా నాయన చేతికిచ్చి, "తొందరగా వేసుకో నాయనా" అని చెప్పి నేను నా పనికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన మంచం అంచున కూర్చొని, పైజామా కాలులో చెయ్యి దూర్చి, తల ఎక్కడ దూర్చాలా అని వెతుక్కుంటున్నారు. నాకు విసుగొచ్చింది. దాన్ని లాగేసి, వెనకవైపు నిలబడి కుర్తాను తల మీదుగా దించబోయాను. ఆయన నా చేతిని తోసేసి, "ఎందుకు కొడతావ్‌రా?" అన్నారు. నేను కొట్టలేదు. కానీ ఆయనకు అట్లే తోచింది. ఆ పొద్దు మేమిద్దరం నమాజుకు పోలేకపోయాం.

ఇన్నేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. ఒకటో తరగతి పిల్లవాడికి పలక ఇచ్చి "అక్షరాలన్నీ తొందరగా రాసెయ్" అని ఎన్నడూ అనలేదు. కన్నతండ్రి దగ్గర ఆ తప్పే చేశాను. తరువాత నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఎందుకు వేసుకోలేరు?

డిమెన్షియా అంటే వయసుతో వచ్చే మామూలు మరుపు కాదు. మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు. అల్జీమర్స్ అందులో ఎక్కువగా కనిపించే రకం. 2023లో వెలువడిన ఒక జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ.

చొక్కా తొడుక్కోవడం మనకు ఒకటే పని. విడదీసి చూస్తే ఎన్నో పనులు. ఏది వేసుకోవాలో ఎంచుకోవాలి. ముందూ వెనకా గుర్తుపట్టాలి. ఏ చెయ్యి ముందో తెలియాలి. గుండీని కాజాలో దూర్చాలి. చేతుల్లో బలం ఉన్నా, దేని తరువాత ఏదో మెదడు చెప్పలేకపోతుంది. దాన్నే మనం మొండితనం అనుకుంటాం.

పెద్ద పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కించమని బి.ఇడి.లో మాకు నేర్పారు. ఇక్కడా అదే పద్ధతి. తేడా ఒక్కటే. పిల్లవాడు రేపటికి నేర్చుకుంటాడు, వీరు రేపటికి మరచిపోతారు. అందుకే ఇక్కడ రోజూ మొదటి పాఠమే.

పాఠం మెట్లు

1. ముందుగా టీవీ ఆపి, తలుపు వేసి, దీపం వెలుతురు సరిచూడండి. ఒకసారి దొడ్డికి పంపండి. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. నిలబడి కాలు ఎత్తితే పడిపోతారు.

2. బీరువా అంతా చూపవద్దు. రెండు జతలు మాత్రం చూపి, "ఇదా, అదా?" అని అడగండి. ఎంపిక వారిదే కావాలి.

3. బట్టలను వేసుకునే వరుసలో పేర్చండి. బనియన్ పైన, దాని కింద చొక్కా. తెల్ల దుప్పటి మీద తెల్ల చొక్కా వారికి సరిగా కనబడదు. రంగు దుప్పటి పరవండి.

4. వెనక నుంచి తాకవద్దు. ఎదురుగా నిలబడి ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. "నాయనా, చెయ్యి ఇందులో పెట్టు." పెట్టేదాకా ఆగండి.

5. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి బలహీనంగా ఉంటే, తొడిగేటప్పుడు ఆ చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర.

6. ఒంటి మీద తువ్వాలు కప్పే ఉంచండి. మరచిపోయినవారికీ సిగ్గు ఉంటుంది. ఆడవారికి ఆడవారే సాయపడాలి.

7. వద్దంటే వాదించకండి. పావుగంట ఆగి మళ్లీ అడగండి. రోజూ అదే చొక్కా కావాలంటే, అలాంటివే రెండు మూడు కొనిపెట్టండి.

పదేపదే బట్టలు విప్పేస్తుంటే ఉక్కపోతో, దురదో, మూత్రానికి పోవాలనో కావచ్చు. రెండు మూడు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటిది కావచ్చు. తాయెత్తు కట్టించినా, దువా చేయించినా, డాక్టరుకు చూపించడం మాత్రం మానవద్దు. పెద్దల సహాయానికి ప్రభుత్వ ఎల్డర్‌లైన్ నంబరు 14567 ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది

మనమే తొడిగేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ చేయనివ్వకపోతే, మిగిలిన కాస్త చేతనైనతనమూ తొందరగా పోతుంది. అందుకే నేను గుండీలన్నీ పెట్టి, చివరిది ఆయనకే వదులుతాను. ఒక్కొక్కరోజు పది నిమిషాలు పడుతుంది. ఒక్కొక్కరోజు పెట్టలేరు. పెట్టిన రోజు తువ్వాలు భుజాన వేసుకొని, చేనికి బయలుదేరేవాడిలా లేచి నిలబడతారు. పెద్దముడియం నల్లరేగడిలో జీవితమంతా శనగ పండించిన మనిషి ఆ క్షణాన మళ్లీ నాకు కనబడతాడు.

దాతలకు విన్నపం

రంజాన్‌లో మీరిచ్చే బట్టలు ఎన్నో ఇళ్లకు చేరుతున్నాయి. వృద్ధులకు ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి: "తనంతట తాను వేసుకోగలరా?" లేదంటే ముందువైపు పూర్తిగా తెరుచుకునే చొక్కా, నాడాకు బదులు ఎలాస్టిక్ ఉన్న పైజామా, గుండీలకు బదులు వెల్‌క్రో పట్టీ ఇప్పించండి. ఆడవారికి కుచ్చిళ్ల చీర కట్టడం కష్టమైతే ముందువైపు జిప్పున్న నైటీ, పైన దుపట్టా నయం. కాళ్లకు అడ్డం పడేంత పొడుగు ఉండకూడదు. ఈ మార్పులు మన ఊరి దర్జీ కొద్దిపాటి ఖర్చుతో చేసిస్తాడు. ఖరీదైన బట్ట కన్నా వేసుకోగలిగిన బట్టే వారికి గొప్ప కానుక.

ముసలితనంలో తల్లిదండ్రులతో ఎట్లా మెలగాలో ఖుర్‌ఆన్ 17వ సూరా 23వ ఆయత్‌లో మనం ఎన్నోసార్లు చదువుకున్నాం. నాకు ఆ పాఠం ఒక కుర్తా దగ్గర అర్థమైంది. కిందటి బక్రీదుకు మేమిద్దరం ఫజర్ కాగానే బట్టలు వేసుకోవడం మొదలుపెట్టాం. నమాజుకు అందుకున్నాం.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, మనకు ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.