క్రైస్తవ వివాహాహ్వాన పత్రిక – రచనా విధానము



ఇంట పెండ్లి నిశ్చయమైనంతనే పత్రిక వ్రాసిపెట్టుమని పెద్దలు చదువుకొన్న పిల్లలను పిలుతురు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగువారు అందు చేరిరి. ఇట్టి చోటులందు తెలుగు చక్కగా వ్రాయగలవారు ఇంటికి ఒకరుండుటయే అరుదు. కావున ఆ భారము తెలుగు బడిలో చదువు మీపైననే పడును. క్రైస్తవ కుటుంబముల పత్రికను వ్రాయు పద్ధతిని ఇచట వివరింపదలచితిమి.

పత్రిక నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. ఎవరు పిలుచుచున్నారు? ఎవరి వివాహము? ఎప్పుడు? ఎక్కడ? తక్కినదంతయు అలంకారము.

శిరోభాగము: హిందువుల శుభలేఖ ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని ఆరంభమగును. క్రైస్తవ పత్రికపై బైబిలు వాక్యము నుంచుట ఆచారము. భార్యాభర్తల ఐక్యమును తెలుపు ఆదికాండము 2వ అధ్యాయము 24వ వచనము ఇందులకు తగినది. వాక్యమును జ్ఞాపకమునుండి గాక, గ్రంథము చూచియే వ్రాయవలెను.

పదముల ఎంపిక: శుభలేఖలోని మాటలన్నిటిని విడువనక్కరలేదు. ‘చిరంజీవి’ యనునది పెద్దల దీవెన. అది తెలుగువారందరి సొత్తు. ‘చి. ల. సౌ.’ అనుదానిలో ‘ల’ లక్ష్మీ శబ్దమునకు సంకేతము. కావున వధువు పేరునకు ముందు ‘చి. సౌ.’ అనిగాని ‘కుమారి’ అనిగాని వ్రాయవచ్చును. తిథి, నక్షత్ర, లగ్నములకు బదులు తేదీ, వారము, గంట చాలును.

సమయము: 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము ననుసరించి, ప్రత్యేకానుమతి గల సందర్భములు తప్ప, వివాహము ఉదయము 6 గంటలకును సాయంకాలము 7 గంటలకును మధ్య జరుగవలెను. రాత్రి విందు ఉన్నచో దాని వేళను వేరుగా చూపవలెను. అనేక సంఘములలో పెండ్లికి ముందు ఆదివారపు ఆరాధనలలో వివాహ ప్రకటనలు చదువుదురు. కావున సంఘ కాపరితోగాని, గురువుగారితోగాని దినము స్థిరపరచుకొన్న పిదపనే పత్రికను అచ్చున కీయవలెను.

పేర్లు: యోహాను, జాన్ ఒకే మూలమునుండి వచ్చినవి, మరియ, మేరీ యును అట్టివే. అయినను బాప్తిస్మపు పుస్తకములో ఉన్న పేరునే వ్రాయవలెను. మన ఇష్టానుసారము మార్చరాదు.

మాదిరి:

“ప్రభువైన యేసుక్రీస్తు కృపవలన, మా జ్యేష్ఠ కుమార్తె చి. సౌ. (వధువు పేరు)ను, శ్రీ (పేరు), శ్రీమతి (పేరు) దంపతుల కుమారుడు చి. (వరుని పేరు)నకు ఇచ్చి, (తేదీ, వారము) ఉదయము 10 గంటలకు (ఊరు, దేవాలయము పేరు)నందు పరిశుద్ధ వివాహము జరిపించుటకు నిశ్చయించితిమి. కావున తాము సకుటుంబముగా విచ్చేసి, వధూవరుల నాశీర్వదించి, అనంతరము (స్థలము)న మా విందు స్వీకరింప ప్రార్థించుచున్నాము. ఇట్లు, (తల్లిదండ్రుల పేర్లు).”

ఆంగ్లమును మాటకు మాట తెనిగించి ‘మీ హాజరును కోరుచున్నాము’ అని వ్రాసినచో అది పిలుపువలె గాక కచేరీ నోటీసువలె నుండును. ‘విచ్చేసి’ అన్న ఒక్క మాటలో మర్యాదయు ఆప్యాయతయు కలవు.

ఇరుగుపొరుగు వారికొరకు ఒడియాలోను అచ్చొత్తించుట ఉచితమే. అపుడు రెండు భాషలయందును తేదీ, గంట, స్థలము ఒక్కటిగా నున్నవో లేవో సరిచూడవలెను. అయితే తెలుగును మాత్రము మానరాదు. తెలుగు బైబిలు తప్ప వేరొక పుస్తకము చదువని అవ్వ ప్రతి బంధుకోటిలోను ఉండును. ఆమెకు ఆంగ్ల పత్రిక పంపినచో కాగితము చేరును గాని పిలుపు చేరదు. మనుమరాలి పెండ్లి కబురు తన కన్నులతో తాను చదువుకొను భాగ్యమును ఆమెకు దూరము చేయుట తగదు.

అభ్యాసము: పై మాదిరి ననుసరించి, వరుని తల్లిదండ్రులు పంపు పత్రికను వ్రాయుడు. ఇంటిలోని పెద్దలచే దానిని బిగ్గరగా చదివించి, వారు తడబడిన చోట మాట మార్చుడు.