చదువు అను ఒక్క మాటకు ఆంగ్లమున గల పెక్కు మాటలు

ఆంగ్లము నేర్వగోరు మనవారు పలువురు నిఘంటువును మొదటి పుటనుండి వల్లెవేయ నారంభింతురు. నెల తిరుగకమునుపే ఆ పని మూలబడును. అక్షరక్రమము మాటను వెదకుకొనుట కేర్పడినదే గాని నేర్చుకొనుట కేర్పడినది కాదు. ఒక విషయమును చేపట్టి, దానిచుట్టు నుండు మాటలను ఒక కుటుంబముగా నెరుగుట మేలు. అందులకు చదువును గూర్చిన మాటలకంటె తగినవి లేవు. దరఖాస్తులయందును చట్టములయందును మన బిడ్డల బాగోగులు ఈ మాటలపై నాధారపడి యున్నవి.

తెలుగున చదువు అను నామము ఒక్కటే. దానిని వాడు తీరు మాత్రము మారుచుండును. గురువు చదువు చెప్పును. బాలుడు చదువుకొనును. కొంతకాలమునకు వానికి చదువు వచ్చును. ఇందులకు సొమ్ము పెట్టి, శ్రద్ధవహించి, తండ్రి వానిని చదివించును. ఆంగ్లమట్లు గాక ఒక్కొక్క పనికి ఒక్కొక్క వేరుమాటను వాడును. చదువు చెప్పుట టీచింగు, చదువుకొనుట స్టడీ, చదువు వచ్చుట లర్నింగు, చదివించుట ఎడ్యుకేటు. (పెండ్లిపందిటిలోని చదివింపులకు ఈ కడపటి మాట చెల్లదు. అచ్చట చదువబడునది ఇచ్చినవారి పేరును, ఇచ్చిన మొత్తమును మాత్రమే.)

వీనిలో స్టడీకిని లర్నింగునకును గల భేదమును మనవారు తరచుగా మరచెదరు. ‘పదియేండ్లు చదివినాడు గాని వానికి చదువు రాలేదు’ అని మనమందుము గదా. దీనిని ఆంగ్లమున చెప్పునపుడు మొదటి క్రియకు స్టడీయు, రెండవదానికి లర్నును వాడక తప్పదు. మొదటిది ప్రయత్నము, రెండవది ఫలము. స్టడీకి మూలమైన లాటిను ధాతువునకు ఆసక్తి, పూనిక అని యర్థము. స్టూడెంటు అనగా పూనిక గలవాడు. మరియొక చిక్కు గలదు. మన నేర్చుట, నేర్పుట అక్కచెల్లెండ్రవంటి మాటలు. అందుచేత లర్ను అనుదానిని నేర్పుటయందును వాడుదురు. పూర్వపు ఆంగ్లమున అట్టి వాడుక యుండెను. నేడది శిష్టప్రయోగము కాదు.

లర్ను అను క్రియకు భూతకాల రూపము లర్న్‌డ్. పండితుడను విశేషణమున మాత్రము అదే రూపమును లర్నెడ్ అని రెండక్షరములుగా పలుకవలెను. న్యాయస్థానమున మేము ఎదుటిపక్షపు వకీలును లర్నెడ్ ఫ్రెండని పిలుతుము. అది మర్యాదయే గాని పాండిత్యమునకు యోగ్యతాపత్రము కాదు.

కాబట్టి మాటలను వ్రాసికొనునప్పుడు ఆంగ్లపదమున కెదురుగా ఒక్క తెలుగు నామమును వ్రాసి ఊరకుండక, ఒక చిన్న తెలుగు వాక్యమునే వ్రాయవలెను. పదమునకు తోడుగా వచ్చు క్రియను గూడ వ్రాయవలెను. మనము పరీక్ష వ్రాయుదుము. ఇంగ్లాండువారు పరీక్షకు సిట్ అందురు, లేక టేక్ అందురు. మన యువకులు ఉద్యోగపు దరఖాస్తులలో ఫలాని యేట పాసవుటైతి నని వ్రాయుట గలదు. సైనికశిక్షణ ముగించినవారి విషయమున తప్ప, ఆంగ్లేయునకు ఆ మాట మూర్ఛపోవుటను తెలుపును! గ్రాడ్యుయేట్ అన్నచో ఏ చిక్కును లేదు. గ్రాడ్యుయేటును డిగ్రీయు మెట్టు అను అర్థముగల లాటిను మాటనుండియే వచ్చినవి.

ఇక లిటరసీని ఎడ్యుకేషనుగా భ్రమించువారు విద్యావంతులలోనే మెండు. మన జనాభా లెక్కలలో ఏడేండ్లు నిండినవాడు ఏదేని యొక భాషను అర్థమెరిగి చదువను వ్రాయను నేర్చియున్నచో లిటరేటుగా లెక్కింపబడును. 2011వ సంవత్సరపు లెక్కలో దేశమున అట్టివారు నూటికి సుమారు 73 మంది. స్త్రీలలో సుమారు 65 మంది. ఈ అంకెలు అక్షరజ్ఞానమును తెలుపును. చదువెంత నడచినదో తెలుపవు.

ఎడ్యుకేషను అను మాట లాటినున బిడ్డను పెంచుట అను అర్థముగల క్రియనుండి పుట్టినది. దాని సహచరపదములును అట్టివే. నేడు విద్యార్థికి వాడు ప్యూపిల్ అను మాట రోమను ధర్మశాస్త్రమున తండ్రిలేని మైనరునకు పేరు. ట్యూటరు వాని సంరక్షకుడు. పెంపకమను ఈ పాతయర్థము మన చట్టమునందును కానవచ్చును. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము మనోవర్తి యన నేమో చెప్పుచు తిండి, బట్ట, నివాసము, వైద్యములతో పాటు ఎడ్యుకేషనును చేర్చినది. పెండ్లికాని కుమార్తె విషయమున పెండ్లివ్యయము అదనముగా చెప్పబడినదే గాని చదువునకు బదులుగా చెప్పబడలేదు. ఈ సంగతి నెరుగని తండ్రులు నేటికిని గలరు. బిడ్డ మనోవర్తికై అర్జీ వ్రాయించు తల్లి ఎడ్యుకేషను అనవలసినచోట స్కూలింగు అని వ్రాయించినచో, బడితో తీరని చదువును తన చేతితోనే విడిచినట్లగును. అట్టి ముసాయిదా నాయొద్దకు వచ్చినచో మొదట ఆ మాటను కొట్టివేయుదును.

ఎలిమెంటరీ అను మాట మరింత జాగ్రత్తతో చూడదగినది. మన జిల్లాలలో ఎలిమెంటరీ బడి యనగా అయిదవ తరగతితో ముగియునది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమున ఎలిమెంటరీ ఎడ్యుకేషను అనగా ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల చదువు. ఊరివాడుకను బట్టి చట్టమును చదివిన తల్లిదండ్రులు మూడేండ్ల చదువును పోగొట్టుకొందురు; పోగొట్టుకొనునది తరచుగా ఆడపిల్లయే.

ఆ చట్టముననే కంపల్సరీ అను మాట గలదు. నిర్బంధమని తెనిగింపగా విన్నవారు ఆ నిర్బంధము పిల్లవానిపై ననియో, తండ్రిపై ననియో తలంతురు. తండ్రికిని బిడ్డను బడిలో చేర్చు విధి కలదు, నిజమే. అయినను ఆ మాటకు చట్టమిచ్చిన వివరణమున కట్టుబడువాడు తండ్రి కాడు, ప్రభుత్వము. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకుగల ప్రతిబిడ్డకు ఉచితముగా ఎలిమెంటరీ చదువు నిచ్చుటయు, బిడ్డ బడిలో చేరి, హాజరై, ఆ చదువును ముగించునట్లు చూచుటయు ప్రభుత్వమునకు విధింపబడిన పని. బడిలో చోటు లేదని బిడ్డను త్రిప్పి పంపినచో, తండ్రి వ్రాయు అర్జీలో ఈ రెండు మాటలను, ఎలిమెంటరీని కంపల్సరీని, చట్టమిచ్చిన యర్థములతో ప్రయోగింపవలెను.