రెండు ప్లాస్టిక్‌ల డిస్క్ వేరుగా ఎగురుతుందా?

ప్రశ్న: డాలస్‌లో ఏడాదిగా డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నాను. అంచు ఒక ప్లాస్టిక్, మధ్యభాగం మరొకటి ఉన్న డిస్కులు బాగా ఎగురుతాయంటున్నారు. నిజమేనా? - ఒక పాఠకుడు

జవాబు: కొంత నిజమే. మిషిగన్‌కు చెందిన ఎంవీపీ కంపెనీ డిస్కుల్లో అంచు ప్లాస్టిక్ బరువైనది, మధ్యది తేలిక. బరువు అంచుకు చేరితే తిరుగుడు త్వరగా తగ్గదు, సైకిల్ చక్రంలాగే. దాంతో డిస్క్ చివర్లో పక్కకు ఒరగడం కాస్త ఆలస్యమవుతుంది. ఆ ‘కాస్త’నే ప్రచారం కొండంత చేసింది! దారిని ఎక్కువగా నిర్ణయించేది అంచు ఆకారం, మీ విసురు.

కొనేముందు స్నేహితుడి డిస్క్ అడిగి తీసుకోండి. దాదాపు అదే ఆకారం, బరువు ఉన్న మీ డిస్క్‌తో కలిపి, గాలిలేని పూట మార్చి మార్చి పదేసిసార్లు విసిరి దూరం కొలవండి. తేడా లేకపోతే పాతదే చాలు. రెండూ ఊగుతూ పోతుంటే లోపం విసరడంలోనే ఉంది, కోచ్‌కు చూపించండి.