యాగంటి సీమలో మారిన పాలన - పంచాయతీ సభ్యుల బాధ్యత

యాగంటి బసవన్న ఏటేట పెరుగుచున్నాడనియు, కలియుగాంతమున లేచి రంకె వేయుననియు మన ప్రాంతమున చెప్పుకొందురు. రాబోవు కాలమును గూర్చి అడుగువారికి ఈ మాట చాలును. పరిపాలన ఎటు పోవుచున్నదో తెలిసికొనగోరు పంచాయతీ సభ్యులకు మాత్రము చాలదు.

చెంతనున్న బనగానపల్లె 1948 వరకు నవాబు ఏలుబడిలోని చిన్న సంస్థానము. ఆ యేట అది మద్రాసు రాష్ట్రమున విలీనమై కర్నూలు జిల్లాలో చేరినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. 2022లో నంద్యాల జిల్లా వచ్చినది. ఇల్లు కదలకయే ఒక మనిషి తన జీవితకాలమున ఇన్ని మార్పులు చూడవచ్చును! నవాబుకు రైతు అర్జీ పెట్టుకొనెడివాడు. 1959లో పంచాయతీ రాజ్ వచ్చిన పిమ్మట అదే రైతు సభ్యుడై తీర్మానము చేయగలిగెను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, పంచాయతీలకు రాజ్యాంగ రక్షణ కల్పించినది. అందు 29 అంశములు పేర్కొనబడినను, ఎంతమేరకు అప్పగించవలెనో రాష్ట్ర శాసనసభయే నిర్ణయించును. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

ఇక ప్రపంచము మాట. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందుకు ఆధారమైన 1999 నాటి చట్టమును మన పార్లమెంటే చేసినను, దాని మూలము ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందములో ఉన్నది. మన తోటలోని పండు పేరు సైతము దూరదేశపు చర్చలతో ముడిపడినది! అట్టి నిర్ణయములను పంచాయతీ మార్చజాలదు.

మార్చగలిగినవి వేరు. యాగంటి కోనేటిలో ఏడాది పొడుగున నీరుండును. సీమలోని ఎన్నో గ్రామములకు ఆ భాగ్యము లేదు. 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు సిఫారసు చేసిన పంచాయతీ నిధులలో 60 శాతము త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కేటాయింపబడినది. ఏ వీధికి ముందు గొట్టము వేయవలెనో గ్రామసభ చెప్పవలెను. సభ జరుగనిచో వేరెవరో చెప్పుదురు.

2020లో ఇ-గ్రామస్వరాజ్ ఆరంభమైనది మొదలు పంచాయతీ ప్రణాళికలు, చెల్లింపులు అందరును చూడవచ్చును. కువైట్‌కు కూలికి పోయిన మన యూరివాడు అచ్చటనుండియే లెక్క అడుగగలడు. కావున సర్పంచులు డిజిటల్ కీని ఇతరుల చేత పెట్టరాదు. అది సంతకముతో సమానము. తీర్మానముల పుస్తకమందు వ్రాసినదియు, తెరపై కనబడు ఖర్చును సరిపోలుచున్నవో లేవో సభ్యులు ప్రతి సమావేశమునను సరిచూచుకొనవలెను.